లినక్స్‌కి మార్చితే ఖర్చెంత? మిల్లు, షాపు సాఫ్ట్‌వేర్లు రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రైసు మిల్లులకు, పలాస జీడి ఫ్యాక్టరీలకు, ఎరువుల డిపోలకు, హోల్‌సేల్ కిరాణాలకు బిల్లింగు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న ఆఫీసుల కోసం ఈ పేజీ. ఇద్దరు ముగ్గురు పనిచేసే చోటు, ముప్పై మంది దాకా కస్టమర్లు, పదిహేనేళ్ల కిందట మొదలెట్టిన విండోస్ ప్రోగ్రాము. మీ పరిస్థితి ఇదే అయితే కింది లెక్కలు మీకు పనికొస్తాయి. పెద్ద కంపెనీల లెక్కలు వేరు.

ఉన్నది నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు కదపాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి. ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ల నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. కాటా గదిలో ఊక ధూళి తింటూ పనిచేసే 4వ తరం ఐ3 ఆ జాబితాలో లేదు. కొత్త మిషన్ కొనమంటే ఓనరు "ఇది బాగానే ఉంది కదా బాబూ, ఎందుకు పారేయాలి?" అంటాడు. విండోస్‌కి బదులు పాత మిషన్ల మీద కూడా నడిచే లినక్స్ మాట అక్కడే పుడుతోంది.

ఒకరిద్దరు కస్టమర్లే అడుగుతుంటే మాత్రం పోర్టు (ప్రోగ్రామును లినక్స్‌కి మార్చడం) జోలికి పోకండి. వాళ్ల చేత కొత్త కంప్యూటరు కొనిపించడమే చౌక. పదిమందికి పైగా పాత మిషన్లతో ఉంటేనే కాగితం, పెన్ను తీయండి.

మొత్తం ఖర్చు అంచనా వేసేదెలా?

కోడు లైన్లు లెక్కపెట్టకండి, వాటికీ ఖర్చుకూ పెద్దగా సంబంధం లేదు. లెక్కపెట్టాల్సినవి స్క్రీన్లు, రిపోర్టులు, బయటి పరికరాలు, బయటి లైబ్రరీలు. రిపోర్టులనే జనం తక్కువ అంచనా వేస్తారు.

ఒక రైసు మిల్లు ప్రోగ్రాము తీసుకుందాం. అందులో 40 స్క్రీన్లు, 25 రిపోర్టులు, ఒక కాటా, రెండు రకాల ప్రింటర్లు ఉన్నాయనుకోండి. స్క్రీన్లు కొత్త టూల్‌కిట్‌లో (స్క్రీన్లు గీసే లైబ్రరీలో) తిరిగి గీయాలంటే ఒక్కోదానికి ఒక రోజు చొప్పున 40 రోజులు. రిపోర్టుకు రోజున్నర చొప్పున 37.5 రోజులు. డేటాబేసు మార్పిడికి 10, కాటా ప్రింటర్లకు 10, ఇన్‌స్టాలరూ అప్‌డేటూ కలిపి 5, మిల్లులో కూర్చుని పరీక్షించడానికి 15. మొత్తం 117.5, అంటే 118 రోజులు. ప్రోగ్రామరుకు నెలకు 30,000, పని రోజులు 25 అనుకుంటే రోజుకు 1,200. జీతమే 1,41,600 అవుతుంది. అద్దె, కరెంటు, ప్రయాణాలు, సెలవులు కలిపి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 2,12,400. ముప్పై మంది కస్టమర్లకు పంచితే తలకు 7,080.

మీ జీతాలు, మీ రిపోర్టులు వేరుగా ఉంటాయి, ఆ అంకెలు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే. ఈ 118 రోజుల్లో లినక్స్‌కి సంబంధించిన పని నిజానికి కొద్దిరోజులే. మిగతాదంతా విండోస్‌కి మాత్రమే అతుక్కుని రాసుకున్నదాన్ని ఊడదీయడం.

ఏ భాషలో రాశామన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుందా?

చాలా మారుతుంది. జావా స్వింగ్‌లో రాసినవాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు ఫైళ్ల దారులూ ప్రింటింగూ సరిచూసుకుంటే చాలు. డెల్ఫీలో రాసినవాళ్లు లాజరస్, ఫ్రీ పాస్కల్‌కి వెళ్తే ఫారాలు చాలావరకు మారిపోతాయి. కొనుక్కున్న మూడో పార్టీ కాంపొనెంట్ల దగ్గర మాత్రం ఆగుతారు.

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8లో విన్‌ఫామ్స్ మీద రాసుంటే లెక్కలు, పన్నులు, డేటాబేసు కోడు దాదాపు అలాగే కొత్త డాట్‌నెట్‌కి వస్తాయి. స్క్రీన్లు రావు. విన్‌ఫామ్స్, డబ్ల్యూపీఎఫ్ రెండూ కొత్త డాట్‌నెట్‌లో కూడా విండోస్ మీదే నడుస్తాయి. అవలోనియా లాంటి టూల్‌కిట్‌లో తిరిగి గీయాలి. క్రిస్టల్ రిపోర్ట్స్ వాడుంటే రిపోర్టులన్నీ మొదటి నుంచే.

వీబీ6, ఫాక్స్‌ప్రో అయితే దాన్ని పోర్టు అనలేం, తిరగరాయడమే. దానికి ముందు కింది జవాబు చదవండి.

వైన్ మీద నడిపేస్తే సరిపోదా?

వైన్ అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద అలాగే నడిపించే సాఫ్ట్‌వేర్. వీబీ6 ప్రోగ్రాములకు చాలాసార్లు సరిపోతుంది. తిరగరాసి కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేసుకోవడం కన్నా ఇది నయం. వారం రోజులు కేటాయించి చూడండి. ఒక్కో స్క్రీన్ తెరిచి, ఒక్కో రిపోర్టు ప్రింటు తీసి, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అని రాసుకోండి.

చిక్కులు ఎక్కువగా యాక్సెస్ డేటాబేసు దగ్గర, ఓసీఎక్స్ ఫైళ్ల (వీబీ6 వాడే బయటి కాంపొనెంట్ల) దగ్గర వస్తాయి. కాటాకు సీరియల్ పోర్టు కూడా కొంచెం వేధిస్తుంది. సీరియల్ కేబుల్‌ను యూఎస్‌బీకి కలిపే కన్వర్టరుకు వైన్ తనంతట తాను కామ్33 లాంటి పెద్ద నంబరు ఇస్తుంది. మీ ప్రోగ్రాములో కామ్1 నుంచి కామ్4 వరకే ఎంచుకునే వీలుంటే ఆ పోర్టు కనబడదు. వైన్ రిజిస్ట్రీలో లోకల్ మిషన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ కింద కామ్1 అని పేరు పెట్టి, దానికి ఆ పరికరం దారి రాస్తే కుదురుతుంది.

వైన్ వెర్షన్ను ఒకచోట బిగించి ఉంచండి. ఇవాళ పనిచేసిన స్క్రీన్ రేపటి వైన్ అప్‌డేటుతో చెడిపోవచ్చు. అందుకే వైన్ దారిలో పోర్టు ఖర్చు తక్కువ, ఏటా పరీక్షించే ఖర్చు మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

కోడు లినక్స్‌లో కంపైల్ అయింది. ఇంకేం మిగిలింది?

ఇల్లు అలకగానే పండగ కాదు. విండోస్‌లో పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ ఫైలు పేర్లలో తేడా లేదు, లినక్స్‌లో ఉంది. కోడులో బిల్ అని పెద్ద బీతో రాసి, డిస్కులో ఫైలుకి చిన్న బీ పెట్టుంటే అది దొరకదు. మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే టేబుళ్ల పేర్లకూ ఇదే బాధ. విండోస్ ఇన్‌స్టలేషన్ పేర్లన్నీ చిన్నక్షరాలుగా మార్చేసుకుంటుంది, లినక్స్‌ది రాసినట్టే ఉంచుతుంది. ఈ సెట్టింగును మైఎస్‌క్యూఎల్ 8లో సర్వరు మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చడం కుదరదు. టేబుళ్ల పేర్లన్నీ ముందే చిన్నక్షరాల్లోకి మార్చేసుకోవడం ఉత్తమం.

ఆ తర్వాత వెనక్కి వాలే గీతలతో రాసిన దారులు, సీ డ్రైవు అని నేరుగా రాసేసిన చోట్లు, ప్రోగ్రాము ఫోల్డర్‌లోనే డేటా రాసే అలవాటు. మూడోదాన్ని లినక్స్ ఒప్పుకోదు. డేటా యూజరు హోమ్ ఫోల్డర్‌లోకో, వార్ (/var) ఫోల్డర్‌లోకో వెళ్లాలి.

"ఏటి బాబూ, కాటా బరువు రావట్లేదు" అని ఫోన్ వస్తే ఎక్కడ మొదలెట్టాలి?

లారీ కాటా మీదుంది, వెనక నాలుగు ట్రాక్టర్లు ఆగున్నాయి. కాబట్టి వరస తప్పకుండా చూడాలి.

మొదట పరికరం కనబడుతోందా? డెవ్ ఫోల్డర్‌లో టీటీవై యూఎస్‌బీ 0 ఉందో చూడండి. మార్కెట్‌లో దొరికే కన్వర్టర్లలో ఉండే సీహెచ్340, పీఎల్2303, ఎఫ్‌టీడీఐ చిప్పులకు డ్రైవర్లు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే ఉన్నాయి, విడిగా ఏదీ వేయక్కర్లేదు. అయినా ఉబుంటు అనే లినక్స్ రకం 22.04 వెర్షన్‌లో సీహెచ్340 పెట్టగానే ఒక్క క్షణం కనబడి మాయమైతే కారణం బీఆర్ఎల్‌టీటీవై. అంధుల బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ఈ ప్రోగ్రాము అదే యూఎస్‌బీ నంబరును చూసి ఇది తనదే అనుకుని లాగేసుకుంటుంది. కాటా గదిలో బ్రెయిలీ డిస్‌ప్లే లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. మోడెమ్ మేనేజర్ కూడా కొన్ని కన్వర్టర్లను మోడెమ్ అనుకుని పలకరిస్తుంటుంది, డేటా కార్డు వాడకపోతే దాన్నీ ఆపేయండి.

రెండోది అనుమతి. ఉబుంటు, డెబియన్‌లలో సీరియల్ పోర్టు తెరవాలంటే యూజరు డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ రావాలి. చాలామంది చేర్చేసి, అక్కడికక్కడే ప్రయత్నించి, పనిచేయలేదంటారు.

మూడోది పోర్టు మోడు. విండోస్ నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఇది. లినక్స్ సీరియల్ పోర్టును మనిషి టైపు చేసే టెర్మినల్ అనుకుంటుంది. రా మోడులో (వచ్చిన బైట్లను మార్చకుండా అలాగే ఇచ్చే పద్ధతిలో) పెట్టకపోతే వచ్చిన అక్షరాలను తిరిగి కాటాకే పంపుతుంది, లైను చివరి గుర్తును మార్చేస్తుంది, కొన్ని కంట్రోల్ అక్షరాలను మింగేస్తుంది. బరువు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం, అంకెల్లో ఒకటి తగ్గడం దీనివల్లే. తెరవగానే రా మోడు, ఎకో బంద్, ఆ తర్వాత ఇండికేటరు మాన్యువల్‌లో ఉన్న బాడ్ రేటు. 9600 అని ఊహించుకోవద్దు, పాత ఇండికేటర్లలో 1200, 2400 కూడా ఉంటాయి.

రెండు కాటాలున్న మిల్లులో ఇంకో చిక్కు. కంప్యూటరు రీస్టార్టు అయితే 0, 1 నంబర్లు తారుమారు కావచ్చు, అప్పుడు లారీ బరువు బస్తా బిల్లులో పడుతుంది. ఎఫ్‌టీడీఐ కన్వర్టర్లలో సాధారణంగా ఒక్కోదానికి వేరే సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని యూడెవ్ (లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే భాగం) నియమంతో స్థిరమైన పేరు పెట్టొచ్చు. సీహెచ్340ల్లో ఆ నంబరు ఉండదు. అలాంటప్పుడు డెవ్ సీరియల్ కింద బై-పాత్ ఫోల్డర్‌లోని పేరు వాడి, ఏ సాకెట్‌లో ఏది పెట్టాలో కంప్యూటరు మీద స్టిక్కరు వేయండి.

బిల్లు మీద తెలుగు ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఎందుకు?

"శ్రీకాకుళం" కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో పది కోడు పాయింట్లు. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగింటిని కలిపి "శ్రీ" అనే ఒక్క రూపం గీయాలంటే షేపింగ్ ఇంజిన్ కావాలి. విండోస్‌లో ఆ పని తెరవెనక జరిగిపోయేది. లినక్స్‌లో పాంగో, హార్ఫ్‌బజ్, క్యూటీ లైబ్రరీల ద్వారా గీస్తే సరిగ్గా వస్తుంది. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీ వాడేవాళ్లు రాక్మ్ అనే షేపింగ్ లైబ్రరీ లేకుండా గీస్తే శ పక్కన ర విడిగా నిలబడుతుంది. పాత పీడీఎఫ్ లైబ్రరీల సంగతీ అంతే.

థర్మల్ ప్రింటర్‌కి అక్షరాలు పంపి తెలుగు ఆశించకండి, దాని రోమ్‌లో (శాశ్వత మెమరీలో) సాధారణంగా తెలుగు ఫాంటు ఉండదు. బిల్లు మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాలి. 80 మిల్లీమీటర్ల కాగితంపై అచ్చయ్యే వెడల్పు 72, మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున 576 చుక్కలు, అంటే వరసకు 72 బైట్లు. 15 సెంటీమీటర్ల బిల్లు 1,200 వరసలు, మొత్తం 86,400 బైట్లు. యూఎస్‌బీలో కన్ను మూసి తెరిచేలోగా వెళ్తుంది. అదే ప్రింటరును 9600 వేగంతో సీరియల్ కేబుల్ మీద పెడితే నిమిషంన్నర పడుతుంది. కాబట్టి తెలుగు బిల్లు కావాలంటే యూఎస్‌బీ లేదా నెట్‌వర్కు ప్రింటరే. 58 మిల్లీమీటర్లదైతే 384 చుక్కలు.

ఫాంటు విషయానికొస్తే, గౌతమి, నిర్మలా విండోస్‌తో వచ్చేవి, వాటిని కాపీ చేసి ఇచ్చే హక్కు మీకు లేదు. నోటో సాన్స్ తెలుగు ఉచితం, మీ ప్యాకేజీలోనే పెట్టి ఇవ్వండి. అక్షరాల వెడల్పు మారుతుంది కాబట్టి రిపోర్టుల్లో కాలమ్‌లు జరుగుతాయి. ఒక్కో రిపోర్టుకు రోజున్నర వేసింది అందుకే.

కస్టమర్ల పేర్లు "అను" అనే పాత తెలుగు ఫాంట్ల ఎన్‌కోడింగ్‌లో దాచి ఉంటే అవి యూనికోడ్‌లోకి మార్చాలి. కన్వర్టర్లు చాలావరకు చేసిపెడతాయి, వత్తుల దగ్గర తప్పుతాయి. రెండు వేల పేర్లుంటే ఒక మనిషి రెండు రోజులు కూర్చుని చదవాల్సిందే.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు?

ఇంగ్లీషు కాటా చీటీలకు ఇవే సులువు. యూఎస్‌బీ ఎల్‌పీ 0కి నేరుగా ఈఎస్‌సీ పీ కోడ్లు (ప్రింటరు ఆదేశాలు) రాసేయండి, యూజరు ఎల్‌పీ గ్రూపులో ఉండాలి. లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్‌లో రా క్యూ పెట్టుకోవడం ఇప్పటికి పనిచేస్తుంది గానీ దాన్ని తీసేస్తామని కప్స్ చేసేవాళ్లు ముందే చెప్పారు. కొత్త కోడు దానిమీద ఆధారపడకుండా రాయండి.

ఎన్ని డిస్ట్రోలకు (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాలకు) సపోర్టు ఇవ్వాలి?

ఒక్కదానికే. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

ఉబుంటు 24.04లో కంపైల్ చేసిన సీ ప్రోగ్రాము 22.04లో జీలిబ్‌సీ (సీ ప్రోగ్రాములకు ఆధారమైన సిస్టమ్ లైబ్రరీ) 2.38 లేదంటూ ఆగిపోవచ్చు. 24.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.39, 22.04లో 2.35, డెబియన్ 12లో 2.36. పాతదానిపై కంపైల్ చేసింది కొత్తదానిపై నడుస్తుంది, అటునుంచి ఇటు నడవదు. అందుకే కస్టమర్ల దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాత వెర్షన్ కంటెయినరులో బిల్డు చేయడం అలవాటు చేసుకోండి. యాప్‌ఇమేజ్ (ప్రోగ్రామంతా ఒకే ఫైలుగా ఇచ్చే పద్ధతి) చేస్తే ఈ బాధ పోతుందని కొందరనుకుంటారు. దానిలో మామూలుగా జీలిబ్‌సీ ఉండదు, కాబట్టి పోదు. పైగా ఉబుంటు 22.04 నుంచి దానికి కావాల్సిన లిబ్‌ఫ్యూజ్2 ముందుగా ఉండదు కనుక డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగదు, ఎర్రర్ మెసేజీ కూడా రాదు. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో ప్యాకేజీ పద్ధతిలో కాటా పోర్టు కనబడాలంటే పరికరాలన్నిటికీ అనుమతి విడిగా ఇవ్వాలి. ఒక్క ఉబుంటు ఎల్‌టీఎస్‌కి (ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్‌కి) డెబ్ ప్యాకేజీ చేయడం అన్నిటికన్నా తేలిక. సీడాక్ వారి బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. డెబ్ అక్కడ ఎక్కుతుంది గానీ పరీక్షించకుండా మాట ఇవ్వకండి.

లెక్క చూడండి. మీ ప్రోగ్రాము ఏడాదికి నాలుగుసార్లు విడుదలైతే పరీక్షకు ఒక్కో రోజు చొప్పున 4 రోజులు. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి వస్తుంది. కొత్తదానికి మారేందుకు 10 రోజులనుకుంటే ఏడాదికి 5. మొత్తం 9 రోజులు, పైన వేసుకున్న ఒకటిన్నర రెట్ల రేటులో (రోజుకు 1,800) 16,200. ముప్పై మందికి తలా 540. అదే మూడు డిస్ట్రోలకు సరే అంటే 27 రోజులు, 48,600, తలా 1,620. కస్టమరుకు ఆ రెండు డిస్ట్రోల వల్ల ఒరిగేదేమీ లేదు. కుర్రాడెవరో లినక్స్ మింట్ బాగుంటుందన్నాడని మిల్లులో వేయించుకుంటే, బాధ్యత మీది కాదని ముందే రాసుకోండి.

ఏటా అయ్యే మెయింటెనెన్స్ అంతా లినక్స్ వల్లేనా?

కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. జిల్లాల పేర్లు కోడులోనే రాసేసినవాళ్లు ప్రతి కస్టమరుకీ కొత్త వెర్షన్ పంపాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ఇవి ఏ ఓఎస్ మీదున్నా తప్పవు. పోర్టు చేసేటప్పుడే జిల్లాలు, పన్ను రేట్లు, జీడిపప్పు గ్రేడ్లు డబ్ల్యూ240, డబ్ల్యూ320 లాంటివన్నీ తేదీతో సహా టేబుళ్లలోకి మార్చండి. రెండు ఓఎస్‌లకూ ఒకే కోడు ఉంచండి. విడగొట్టి రెండు కాపీలు నడిపితే ఏ మార్పైనా రెండుసార్లు చేయాలి, రెండోసారి ఏదో ఒకటి మర్చిపోతారు.

డాట్‌నెట్ వాడేవాళ్లు ఒక తేదీ గోడ మీద రాసుకోండి. డాట్‌నెట్ 8 సపోర్టు 2026 నవంబరుతో అయిపోతుంది. కొత్తగా మొదలెడితే 10తోనే.

కరెంటు పోతే డేటా ఏమవుతుంది?

ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ రెండూ మామూలు సెట్టింగుల్లో హఠాత్తు పవర్ కట్‌ను తట్టుకునేలాగే కట్టారు. వేగం కోసం సింక్ (డేటాను వెంటనే డిస్కులో రాయించే సెట్టింగు) ఆపేసేవాళ్లే పోగొట్టుకుంటారు.

అసలు ప్రమాదం పెన్‌డ్రైవ్ బ్యాకప్‌లో ఉంది. లినక్స్‌లో కాపీ అయినట్టు కనబడినా డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. గుమస్తా వెంటనే పీకేస్తే ఫైలు పేరుంటుంది, లోపల సగమే ఉంటుంది. మీ బ్యాకప్ బటన్, మెమరీలోని డేటాను డ్రైవ్‌లోకి రాయించే ఎఫ్‌సింక్ పిలిచి, ఫైలు తిరిగి చదివి, సరిపోల్చాకే "అయింది" అనాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాకప్ కాపీ ఒకటి ఊరి బయట కూడా ఉండాలన్నది ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

టాలీ, డిజిటల్ సంతకం సంగతేమిటి?

టాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. ఆఫీసులో ఒక్క విండోస్ మిషన్ దానికే ఉంచి, మీ లినక్స్ ప్రోగ్రాము నుంచి నెట్‌వర్కు మీద ఎక్స్ఎంఎల్ పంపండి. టాలీ మామూలుగా 9000 పోర్టులో వింటుంది. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు జీఎస్టీ రిటర్నులకు డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) వాడాలి కాబట్టి అది ఉండే యూఎస్‌బీ టోకెన్ కూడా ఆ విండోస్ మిషన్‌కే పెట్టడం తలనొప్పి లేని దారి. టోకెన్‌కి లినక్స్ డ్రైవరున్నా, ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన ప్యాకేజీగా) వస్తుంది, బయటి టోకెన్ లైబ్రరీని ఎక్కించుకోవడానికి మొండికేస్తుంది. ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు ఏపీఐలకు మాత్రం ఓఎస్‌తో పనిలేదు.

లినక్స్‌లో అమ్మితే సోర్స్ కోడు ఇచ్చేయాలా?

అక్కర్లేదు. సోర్స్ కోడు ఇవ్వాలనే కెర్నెల్ జీపీఎల్ లైసెన్సు దానిమీద నడిచే మీ ప్రోగ్రాముకు అంటదు. జీలిబ్‌సీది ఎల్‌జీపీఎల్ అనే సడలించిన లైసెన్సు, డైనమిక్‌గా లింక్ చేస్తే ఇబ్బంది లేదు. పైథాన్‌లో క్యూటీ వాడేవాళ్లు మాత్రం చూసుకోవాలి. పైక్యూటీ జీపీఎల్ లేదా కొనుక్కునే లైసెన్సు, పైసైడ్ ఎల్‌జీపీఎల్. అమ్మే సాఫ్ట్‌వేర్‌కి రెండోదే.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో ఏం రాయాలి?

డిస్ట్రో పేరు, వెర్షన్ నంబరు, అది ఏ ఏడాది దాకా. ప్రింటరు, కన్వర్టరు మోడళ్లు పేరుపేరునా. కెర్నెల్‌లో లేని డ్రైవరు కావాల్సిన పరికరం కస్టమరు కొంటే, కెర్నెల్ అప్‌డేటు తర్వాత దాన్ని మళ్లీ నడిపించే పనికి విడిగా చార్జి. రాజాం, టెక్కలి, సాలూరు లాంటి దూరాలకు వచ్చిపోయే ఖర్చు ఎవరిదో. ధాన్యం సీజనులో కాటా ఆగితే ఎన్ని గంటల్లో వస్తారో. చివరగా, కాటా గదిలో అదనంగా ఒక కన్వర్టరు డ్రాయరులో ఉండాలని ఒక లైను. ఎక్కువగా పాడయ్యేది అదే.